తుపాకికి బొట్టు

తొమ్మిది శాతం!

డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా మెరుస్తోంది. దాని పక్కన తాబేలు బొమ్మ. ఇక మెల్లగా పొమ్మని కారు బతిమాలుతోంది.

నిరోష వినడం లేదు.

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. సన్నటి వాన. ఉదయగిరి కొండ వెనకాల మబ్బుల్లో కలిసిపోయింది. ముందు మర్రిపాడు రోడ్డు... రెండు పక్కలా చిట్టడవి. మనిషి లేడు. దీపం లేదు.

అద్దంలోకి చూసింది.

ఉంది! ఇంకా వస్తూనే ఉంది.

ఒంటికన్ను బొలెరో!

రెండు హెడ్‌లైట్లలో ఒకటే వెలుగుతోంది. ఆ ఒక్క కన్నునే ఆర్పుతూ, వెలిగిస్తూ, హారన్ మోగిస్తూ వెంటపడుతోంది. ఎక్కడా తగ్గడం లేదు.

వెనక సీట్లో మూలుగు.

"తాతా... నిద్రపోబాక. నాతో మాట్లాడు."

పెంచలనరసయ్య కళ్ళు తెరవలేదు. తల కింద పెట్టిన ఆమె చున్నీ నల్లగా తడిసిపోయింది.

పెంచలనరసయ్య ఉదయగిరి ఊరి బయట ఛార్జింగ్ స్టేషన్‌కు వాచ్‌మన్. నిరోష ట్యాక్సీ డ్రైవర్. ఆమెది పెట్రోలు పోసే కారు కాదు, కరెంటు కారు. తెల్లారకముందే వచ్చి ఛార్జింగ్ పెట్టి, సీటు వాల్చుకుని కునుకు తీస్తుంది. ఆ కాసేపూ ముసలాయన కుర్చీ రోడ్డు వైపు తిప్పుకుని కూర్చుంటాడు. ఏ లారీవాడైనా హారన్ కొడితే మీదికి పోతాడు. ఆడపిల్ల నిద్రపోతా ఉంటే కనపడలా అని కసురుతాడు. నిరోషకు తండ్రి లేడు. ఆ కునుకులోనే ఆమెకు తండ్రి ఉన్నట్టుండేది.

ఇప్పుడు ఆ మనిషి చచ్చిపోతున్నాడు.

కాదు... చావనివ్వదు. ఆత్మకూరు ఆసుపత్రికి చేరిస్తే బతుకుతాడు. చేరుస్తుంది. ఈ తొమ్మిది శాతంతో ఎలా చేరుస్తుందో మాత్రం తెలియదు.

సాయంత్రం ఛార్జింగ్ కోసమే స్టేషన్‌కు వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే టీచర్లను కలువాయిలో దించాలి. వెళ్ళేసరికి కుర్చీ పడిపోయి ఉంది. ఛార్జింగ్ మిషన్ పక్కన ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. మిషన్‌కు వేలాడాల్సిన గన్ లేదు!

గన్ అంటే కారుకు ఛార్జింగ్ పెట్టే పిడి. పెట్రోలు బంకులో పిడిలాగే ఉంటుంది, వెనక చేతి మందాన వైరు. దాన్ని కారు మూతలో దూర్చి కార్డు చూపిస్తే టక్‌మని బిగుసుకుంటుంది. మళ్ళీ తీసేదాకా ఆ కారు అంగుళం కదలదు.

ఆ వైరును ఎవరో మొదలుకంటా నున్నగా కోసుకుపోయారు. ఎండాకాలం నుంచి ఇదే గోల. కలువాయిలో పోయింది, చేజర్లలో పోయింది. రాగి కోసమని అందరూ అనుకున్నారు. రాగి కోసం ముసలాయన తల కూడా పగలగొడతారని ఎవరూ అనుకోలేదు.

నిరోష ఆయన్ను చంకల కింద పట్టుకుని లాగి, ఎలాగో వెనక సీట్లోకి ఎక్కించింది. అప్పుడు కళ్ళు తెరిచాడు.

"తుపాకి..." అన్నాడు. "వాడి కాడ... తుపాకి ఉండాది..."

"ఎవుడు తాతా? ఎవుడు కొట్టినాడు?"

"వాడే... మళ్ళీ వస్తాడు. నువ్వు పో అమ్మాయ్..."

అంతే. కళ్ళు మూతలు పడ్డాయి.

సరిగ్గా అప్పుడే ఊరి వైపు నుంచి దూసుకొచ్చింది ఒంటికన్ను బొలెరో. బ్రేకు కొట్టింది. ఒకడు అరుస్తూ దూకాడు. చేతిలో ఏదో ఉంది!

ఆమె చూస్తూ నిలబడలేదు. ఊరి దారికి వాళ్ళు అడ్డం. మిగిలింది మర్రిపాడు దారే. కాలు నొక్కింది.

ఎనిమిది శాతం.

మలుపులో ఫోన్‌కు సిగ్నల్ తగిలింది. ఒకే ఒక్క గీత. ఆమె వేలు వెతక్కుండానే ఒక పేరు మీద పడింది... 'ఛార్జింగ్ సురేంద్రబాబు'.

ఈ చుట్టుపక్కల ఉన్న స్టేషన్లన్నిటికీ సర్వీస్ ఇంజనీరు అతనే. ఆత్మకూరులో ఉంటాడు. మిషన్ మొరాయించినా, గన్ పోయినా వానలో అయినా వస్తాడు. ఎక్కడ గన్ కోసుకుపోయినా రెండో రోజుకల్లా కొత్తది బిగించేది అతనే. డ్రైవర్లందరికీ దేవుడు.

నిరోష గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. తాత తల పగిలిందని, వెనక బొలెరో తరుముతోందని, వాళ్ళ దగ్గర తుపాకి ఉందని.



"తుపాకి అన్నాడా?" అడిగాడు సురేంద్రబాబు. "ఇంకేమన్నాడమ్మా?"

"ఏమీ అన్లేదన్నా. తెలివి తప్పినాడు."

అతను చకచకా చెప్పాడు. మర్రిపాడు సెంటర్లో ఆగొద్దు, వాళ్ళ మనుషులు అక్కడ కాపు కాసి ఉంటారు. సెంటర్ దాటి బద్వేలు రోడ్డెక్కితే ఆత్మకూరు వైపు కొత్త స్టేషన్ ఉంది. ఇంకా తెరవలేదు, అయినా మిషన్ ఉంది, కరెంటు ఉంది. తను ఆ దగ్గర్లోనే ఉన్నాడు, వెళ్ళి గన్ బిగించి ఉంచుతాడు. పోలీసులకూ, 108కీ తనే ఫోన్ చేస్తాడు.

"నువ్వు ఎవరికీ ఫోన్ చేయబాక. స్టీరింగ్ చూసుకో. తాతను నాకాడికి తీసకరా, చాలు."

నిరోష కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ లోకంలో ఇంకా మంచివాళ్ళు ఉన్నారు. సరేనన్నా అంటుండగానే సిగ్నల్ పోయింది.

పక్కన వెలుతురు!

ఒంటికన్ను బొలెరో కుడి పక్కకు వచ్చేసింది. కారును రాసుకుంటూ పోతోంది. కిటికీలోంచి ఒకడు సగం బయటికి వంగాడు. వాన, హారన్, అరుపు... ఏమంటున్నాడో వినపడదు. చెయ్యి పైకి లేపాడు.

నిరోష తల దించేసింది.

ఢాం!

వెనక కిటికీ అద్దం పొడిపొడిగా రాలింది. వాన లోపలికి కొట్టింది.

కాల్చారు! నిజంగానే కాల్చారు!

"యేసయ్యా..." అంది. అద్దం దగ్గర వేలాడే చిన్న శిలువ అటూ ఇటూ ఊగిపోతోంది. ఈ కారు కొన్నప్పుడు ఆమె తల్లి లిదియమ్మ పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించింది. ఆ ప్రార్థనకు ఇప్పుడు పని పడింది.

వెనక్కి చెయ్యి చాచి తాతను తడిమింది. గుండె కొట్టుకుంటోంది. కొత్త రక్తమేమీ తగల్లేదు. తగిలింది ఇంకేదో... వెచ్చగా, జిగటగా. కారు నిండా పులుసు వాసన. చేపల పులుసు!

భయానికి ముక్కు కూడా పిచ్చెక్కిపోయిందేమో అనుకుంది.

రోడ్డు దిగుడు మొదలైంది. ఎడమ పక్కన జామాయిల్ తోట, దానిలోకి మట్టి బాట. ఈ దారి ఆమెకు అరచేతిలో గీతలా తెలుసు.

మలుపు తిరిగీ తిరగ్గానే లైట్లు ఆర్పేసింది. స్టీరింగ్ తిప్పేసింది. కారు తోటలోకి దిగిపోయింది.

చప్పుడు లేదు. కరెంటు కారుకు అదొక్కటే సుఖం... ఇంజను అరవదు. పిల్లి నడిచినట్టు చెట్ల మధ్యకు పోయి ఆగింది.

రోడ్డు మీద బొలెరో గర్రుమంటూ వెళ్ళిపోయింది.

ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది.

అక్కడ ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు. ఒకే మాట, మళ్ళీ మళ్ళీ. వాన చప్పుడులో అదేమిటో తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు ఆమెకు.

"బొట్టు..."

ఉలిక్కిపడింది. ముసలాయన పెదాలు కదులుతున్నాయి.

"బొట్టు... చూడు... బొట్టు..."

ఇలాంటప్పుడు కూడా ఆయనకు భార్య మాలకొండమ్మ నుదుటి బొట్టే గుర్తొస్తోంది. తను పోతే అది చెరిగిపోతుందని బెంగ.

"అవ్వ బొట్టుకేం కాదు తాతా," అంది ఆయన చెయ్యి పట్టుకుని. "నేనుండాను కదా."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పబోయాడు. చెప్పలేకపోయాడు. మళ్ళీ కళ్ళు మూశాడు.

బొలెరో మర్రిపాడు వైపు వెళ్ళిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, ఆమె లైట్లు వేయకుండానే రోడ్డెక్కింది.

ఆరు శాతం.

ఏసీ ఆపేసింది. రేడియో ఆపేసింది. వైపర్లు కూడా ఆపి, అద్దం మసకలోంచే చూస్తూ నడిపింది. దిగుడు దొరికితే కాలు తీసేసి దొర్లనిచ్చింది. కరువులో ఇల్లాలు నూనె వాడినట్టు కరెంటు వాడింది.

మర్రిపాడు సెంటర్లో టీ కొట్టు తెరిచే ఉంది. నలుగురు మనుషులున్నారు. ఆగి సాయం అడిగితే? కాలు బ్రేకు మీదికి పోయింది. సురేంద్రబాబు మాట గుర్తొచ్చింది... వాళ్ళ మనుషులు కాపు కాసి ఉంటారు. టీ గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ హంతకుడిలాగే కనపడ్డాడు.

ఆగలేదు.

బద్వేలు రోడ్డు. లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి.

మూడు శాతం... అదిగో వెలుతురు!

కొత్త స్టేషన్. రేకుల కప్పు, ఒకే మిషన్. ప్రారంభం కాలేదు గానీ దిష్టికి గుమ్మడికాయ మాత్రం కట్టేశారు. మిషన్ పక్కన సురేంద్రబాబు తెల్ల కారు, అదీ కరెంటుదే. ముందు మూత తెరిచి ఉంది. కొత్త గన్ బిగిస్తే ముందు తన కారుకే పెట్టి చూస్తాడు, అతని పద్ధతి అది.

సురేంద్రబాబు రెయిన్‌కోటులో ఎదురొచ్చాడు.

నిరోష కారు దిగింది. డోరు పట్టుకుని నిలబడింది. పోలీసులు దారిలో ఉన్నారట. 108 ఆత్మకూరులో బయల్దేరిందట. నిమిషాల్లో వచ్చేస్తుందట. అతను చెబుతుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు.

"ఇదిగో గన్. కొత్తది, ఇప్పుడే బిగించినా," అన్నాడు. "నువ్వు ఛార్జింగ్ పెట్టుకో. నేను తాతను చూస్తా."

గన్ ఆమె చేతిలో పెట్టాడు. చల్లగా, తడిగా ఉంది.

పట్టుకుంది. కారు వైపు తిరిగింది. అరచెయ్యి చూసుకుంది.

ఎర్రగా ఉంది.

తాత రక్తం అనుకుంది. వానలోకి చెయ్యి చాచింది. ఎరుపు కారిపోయింది. దాని కింద...

పసుపు!

రక్తం కడిగితే పసుపు రాదు.

ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు వాసనే. గన్ తిప్పి చూసింది. పైన ఎవరో గుడ్డతో గట్టిగా తుడిచారు. కానీ పిడి సందుల్లో, వేళ్ళు పట్టే గీతల్లో, నూనెతో కలిసి గడ్డకట్టిన పసుపు. మధ్యలో కుంకుమ.

కొత్త గన్‌కు బొట్టేంటి?

ఒక్కసారిగా దసరా గుర్తొచ్చింది. మొన్నటి దసరా. ఆయుధపూజ రోజు పెంచలనరసయ్య మిషన్‌ను కడిగి, ఈ గన్‌కు పసుపు రాసి, బొట్టు పెడుతుంటే ఆమె నవ్వింది. దీనికి కూడా పూజేంది తాతా అంది.

"నీ కారుకు పాస్టరు గారు ప్రార్థన చేయలేదా? నా తుపాకికి నేను బొట్టు పెట్టుకుంటే నీకు నవ్వొచ్చిందా?" అన్నాడు ముసలాయన. "మనకు కూడు పెట్టేది ఇదే కదమ్మా."

నా తుపాకి!

గన్ అంటే తుపాకి అని ఎవరో డ్రైవరు చెప్పిన రోజు నుంచి ఆయన దాన్ని తుపాకి అనే పిలుస్తాడు. అందరూ నవ్వుతారు. ఆమే ఎన్నిసార్లో నవ్వింది. కానీ మనిషి రక్తంలో పడి ఉండి తుపాకి అంటే, ఎవరికి మాత్రం ఛార్జింగ్ పిడి గుర్తొస్తుంది?

వాడి కాడ తుపాకి ఉండాది... బొట్టు చూడు...

భార్య బొట్టు కాదు. ఈ బొట్టు!

అంటే గన్‌లు కోస్తున్నది సురేంద్రబాబే! ఇక్కడ కోసింది అక్కడ బిగించడం, అక్కడ కోసింది ఇంకోచోట కొత్తదని చూపించి డబ్బు తినడం. రాగి దొంగలు లేరు, ఎవరూ లేరు. ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కడినీ చూసినవాడు తాత. ఆ తాతను ఆమె తన చేతులతో మోసుకొచ్చి, దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టు ఇచ్చింది. ఫోన్ చేయొద్దంటే చేయలేదు. ఆగొద్దంటే ఆగలేదు.

పోలీసులు రారు. 108 రాదు. ఎవరూ రారు.

"ఏమ్మా," అన్నాడు సురేంద్రబాబు, కారు వెనక డోరు దగ్గర ఆగి. "తాత ఎవరి పేరన్నా చెప్పినాడా?"

గొంతు మామూలుగా ఉంచడానికి ఆమెకు ప్రాణం పోయినంత పనైంది.

"పేరు చెప్పలేదన్నా. వాడి కాడ తుపాకి ఉండాది అన్నాడు. అంతే."

సురేంద్రబాబు నవ్వేశాడు. గుండెల మీద బరువు దిగినవాడి నవ్వు.

"నా కాడ తుపాకి యాడిదమ్మా?"

నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆమె 'వాడి కాడ' అంది. అతను 'నా కాడ' అన్నాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు!



నిరోష తల ఎత్తలేదు. విననట్టే గన్ వైరు చిక్కు తీసుకుంటూ నిలబడింది. అలసిపోయిన పిల్ల, బుర్ర పనిచేయని పిల్ల. అతను నమ్మాడు. నమ్మాలని అతనికీ ఉంది మరి. వెనక డోరు తెరిచాడు.

"ఇదేంది... గిన్నె?" అంటూ లోపలినుంచి ఏదో తీసి బయటికి విసిరాడు.

ఠంగ్ ఠంగ్‌మంటూ దొర్లి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. స్టీలు క్యారేజీ గిన్నె. సగం సొట్టపోయింది. అడుగున పులుసు మరక. లైటు వెలుతురులో దాని మీద చెక్కిన పేరు మెరిసింది.

మాలకొండమ్మ.

నిరోష దాన్నే చూస్తూ ఉండిపోయింది.

అద్దం పగలగొట్టింది తూటా కాదు. తాత రాత్రి భోజనం! రోజూ చీకటి పడగానే కొడుకు శీనయ్య మేకలు తోలే బండిలో క్యారేజీ తెస్తాడని ముసలాయన చెబుతుండేవాడు. ఆమె వచ్చేది తెల్లారుజామున. ఆ కొడుకునూ, ఆ బండినీ ఎప్పుడూ చూడలేదు.

ఇవాళ చూసింది. ఒంటికన్నుతో.

తండ్రి రక్తం చూసి, తండ్రిని ఎక్కించుకుని పారిపోతున్న కారును చూసి వెంటపడ్డాడు. చేతిలో ఉన్నదే విసిరాడు. జామాయిల్ తోట దగ్గర వాన్లో గొంతు చించుకుని అరిచిన మాట ఇప్పుడు వినపడింది ఆమెకు... నాయనా! నాయనా!

దేవుడా... ఎవరి నుంచి పారిపోయింది, ఎవరి దగ్గరికి వచ్చింది!

తలెత్తి రోడ్డు వైపు చూసింది. దూరంగా లారీల మధ్య ఒకే ఒక్క లైటు. మెల్లగా వస్తోంది. బద్వేలు వైపు పోయి తిరిగొచ్చిందేమో, పక్కలన్నీ వెతుక్కుంటూ, ఆగుతూ, వస్తోంది. స్టేషన్ రోడ్డుకు లోపలగా ఉంది. ఆమె కారు వాళ్ళకు కనపడదు. దాటిపోతారు.

కారు లోపల సురేంద్రబాబు సీటు మీదికి వంగాడు.

"ఛార్జింగ్ పెట్టినావా?" అక్కడినుంచే అడిగాడు.

నిరోష రెండడుగులు వేసింది. గన్ దూర్చింది. మిషన్‌కు కార్డు చూపించింది. పచ్చ లైటు.

టక్!

"పెట్టినా అన్నా," అంది.

గన్ పెట్టిన కారు కదలదు. అది అతనికి అందరికంటే బాగా తెలుసు. ఇక తొందరేముంది? అరచెయ్యి ముసలాయన ముక్కు మీద, నోటి మీద పెట్టాడు. నొక్కాడు. పెంచలనరసయ్య కాళ్ళు కొట్టుకున్నాయి.

నిరోష గిన్నె తీసుకుని డ్రైవర్ సీట్లోకి దూకింది.

తాళం తిప్పక్కర్లేదు. ఇంజను గర్రుమనక్కర్లేదు. కాలు నొక్కింది.

కారు ఎగిరి దూకింది!

సురేంద్రబాబు సగం లోపల, సగం బయట. డోరు అతని వీపును కొట్టింది. కేక పెట్టాడు. బురదలో బొక్కబోర్లా పడ్డాడు. పడుతూనే అతని కళ్ళు మిషన్ వైపు తిరిగాయి. గన్ పెట్టిన కారు ఎలా కదిలింది?

ఎలా కదిలిందంటే... ఈ కారుకు గన్ పెట్టలేదు!

నిరోష అన్ని లైట్లూ వేసేసింది. హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. మిగిలిన కరెంటంతా ఆ కేకలోనే పోసేసింది. ఏ కంటి నుంచి ఇంతసేపూ పారిపోయిందో ఆ కంటికే ఎదురు వెళ్ళింది.

రెండు శాతం.

బొలెరో సర్రున తిరిగింది. అడ్డంగా ఆగింది. శీనయ్య కర్ర తీసుకుని దూకాడు. పక్కనుంచి అతని బావమరిది మల్లికార్జున దిగాడు. లారీలు ఆగుతున్నాయి.

శీనయ్య కర్ర ఎత్తాడు. నిరోష కిందికి దిగి, దెబ్బ తగిలితే తగలనిమ్మని, ఆ సొట్ట గిన్నెను రెండు చేతులతో పైకెత్తింది.

"మీ అమ్మ గిన్నె. మీ నాయన లోపల ఉండాడు, బతికే ఉండాడు. కొట్టింది నేను కాదు. అదిగో... ఆ తెల్ల కారోడు."

శీనయ్య గిన్నెను చూశాడు. వెనక సీట్లో తండ్రిని చూశాడు. ముసలాయన ఎగశ్వాసతో దగ్గుతున్నాడు. శీనయ్య చేతిలో కర్ర కిందికి దిగింది. ఆ తర్వాత మెల్లగా తెల్ల కారు వైపు తిరిగింది.

సురేంద్రబాబు అప్పటికే తన కారులో కూర్చున్నాడు. స్టీరింగ్ పట్టుకున్నాడు. స్టేషన్ వెనక గేటు తెరిచే ఉంది, దాటితే మట్టి రోడ్డు, చీకటి. ఇక దొరకడు. బలంకొద్దీ కాలు నొక్కాడు.

కారు కదల్లేదు.

మళ్ళీ నొక్కాడు. కదల్లేదు. స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి. ఛార్జింగ్ అవుతోంది... గన్ తీసి బయల్దేరండి.

తలెత్తి చూశాడు. తన కారు ముందు మూతలో గన్ బిగుసుకుని ఉంది. దాన్ని ఆపాలంటే మిషన్ మీది ఎర్ర బటన్ నొక్కాలి. బటన్ నొక్కాలంటే దిగాలి. డోరు మీద చెయ్యి వేశాడు.

మల్లికార్జున ఆ డోరుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. అతని వెనక ముగ్గురు లారీ డ్రైవర్లు. వానలో గన్ పిడి నుంచి బంపరు మీదికి సన్నగా పసుపు నీళ్ళు కారుతున్నాయి.

నిరోష చూస్తూ ఉండలేదు. దానికి వేరేవాళ్ళు ఉన్నారు. శీనయ్యతో కలిసి ముసలాయన్ను బొలెరోలోకి మార్చింది. ఆయన తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఆత్మకూరు ఆసుపత్రికి ఫోన్ చేసి, తల దెబ్బ, వస్తున్నాం అని చెప్పింది. పోలీసులకు కూడా ఈసారి తనే ఫోన్ చేసింది.

బొలెరో పరుగు తీసింది. ఒంటికన్నుతోనే.

శీనయ్య నడుపుతూ ఏడుస్తున్నాడు. ఆడపిల్ల మీద గిన్నె విసిరినానే అని, ఆగకుండా ఎందుకు పోయినావమ్మా అని, ఒకదాని మీద ఒకటి అంటున్నాడు. నిరోషకు కోపం రాలేదు. నవ్వూ రాలేదు. ముసలాయన ఊపిరి ఆగకుండా ఉంటే చాలనుకుంటూ ఆయన గుండె మీదే చెయ్యి ఉంచింది.

ఆత్మకూరు దగ్గరి నెల్లూరుపాలెం దీపాలు కనపడ్డాయి. అప్పుడు కదిలాడు పెంచలనరసయ్య.

కళ్ళు తెరిచాడు. ఆమెను గుర్తుపట్టాడు. పెదాలు తడుపుకున్నాడు.

"అమ్మాయ్... తుపాకి దొరికిందా?"

"దొరికింది తాతా."

"యాడుంది?"

నిరోష ఆయన నుదుటి మీద వాన నీళ్ళు తుడిచింది. ఆమె వేళ్ళకింకా పసుపు అంటుకునే ఉంది.

"వాడి కారుకే పెట్టొచ్చినా."